సెల్లార్ మునిగితే ముందు చూడాల్సింది మోటారును కాదు, వాన కాలువ చివరను

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. హైదరాబాద్‌లో ఎకరం స్థలంలో ఉన్న అపార్ట్‌మెంటుకు కొత్తగా మేనేజరుగా చేరారు. నిరుడు వానాకాలంలో సెల్లార్ రెండుసార్లు మునిగింది. సంఘం సభ్యులు ఇంకా పెద్ద మోటారు కొనమంటున్నారు. వాన కాలువలను ఎన్నాళ్లకోసారి తనిఖీ చేయాలి, ఏమేం చూడాలి, శుభ్రం చేయడానికి ఎవరిని పెట్టుకోవాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట్లో కాలువలు, చాంబర్లు (కాలువ లైను మధ్యలో మూతతో ఉండే తనిఖీ గుంతలు) కట్టించాను. తర్వాత అపార్ట్‌మెంట్ల నిర్వహణలోకి వచ్చాను. అందుకే మొదటే చెబుతున్నాను, మోటారు ఇప్పుడే కొనకండి.

ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక అపార్ట్‌మెంటు వాళ్లు తెల్లవారుజామున ఫోన్ చేశారు. రాత్రి తొమ్మిది గంటల నుంచి రెండు మోటార్లు ఆగకుండా నడుస్తున్నాయి, సెల్లార్‌లో నీళ్లు మాత్రం అంగుళం కూడా తగ్గలేదు. వెళ్లి చూస్తే మోటారు పైపు సెల్లార్ నీళ్లను తీసుకెళ్లి ఆవరణలోని వాన కాలువలో పోస్తోంది. ఆ కాలువ చివర, రోడ్డు కాలువలో కలిసే చోట, ఒక సిమెంటు సంచి, దాని వెనక కొబ్బరి మట్టలు అడ్డుపడి ఉన్నాయి. కాలువ నిండి పొంగిన నీళ్లు ర్యాంపు మీదుగా మళ్లీ సెల్లార్‌లోకే దిగుతున్నాయి. రాత్రంతా అవే నీళ్లు తిరిగాయి. ఆ సంచిని గునపంతో లాగేసిన ముప్పావు గంటలో ఆవరణ ఖాళీ అయింది. అక్కడ ఇంకో రెండు మోటార్లు పెట్టినా ఆ నీళ్లు ఇంకా వేగంగా తిరిగేవి, అంతే.

అప్పటి నుంచి నేను ఎక్కడికి వెళ్లినా తనిఖీని కాలువ చివరి నుంచే మొదలుపెడతాను. నీళ్లు నిలిచిన చోట కష్టం కనిపిస్తుంది కాబట్టి అందరూ అక్కడే తవ్వడం మొదలుపెడతారు. కారణం మాత్రం ఎక్కువసార్లు కింది వైపే ఉంటుంది. మీ ఆవరణ నీళ్లు చివరికి ఏ కాలువలో, ఏ నాలాలో కలుస్తున్నాయో ముందు కనుక్కోండి. వాచ్‌మన్‌ను అడగండి, చుట్టుపక్కల పాత కాపురస్తులను అడగండి. హైదరాబాద్‌లో చాలా కాలనీలు పాత గొలుసుకట్టు చెరువుల మధ్య వెలిసినవే. ఒక చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు వెళ్లే దారి మీదనో, పూడిపోయిన కుంట అంచునో మీ స్థలం ఉండవచ్చు. అలా అయితే నాలా పొంగినప్పుడు నీళ్లు మీ పైపులోంచి వెనక్కి తన్నుకొస్తాయి. నిరుడు సెల్లార్‌లోకి వచ్చినవి మీ ఆవరణలో పడిన వాన నీళ్లా, బయటి నుంచి ఎదురొచ్చినవా అన్నది తేలకుండా రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు.

అది తేల్చడం కష్టం కాదు. ఒక తాపీ మేస్త్రీని లెవెల్ పైపుతో (నీళ్లు నింపి ఎత్తులు పోల్చి చూసే సన్న గొట్టంతో) రమ్మనండి. మీ చివరి చాంబర్‌లో పైపు అడుగు, రోడ్డు కాలువ అడుగు, నిరుడు రోడ్డు మీద నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ప్రహరీ మీద మిగిలిన మరక, ర్యాంపు పై అంచు, ఈ నాలుగింటి ఎత్తులూ ఒకే కాగితం మీద రాయించండి. గంట పని. మరక మీ ర్యాంపు అంచు కన్నా పైన ఉంటే రోడ్డు నీళ్లు నేరుగా లోపలికి దిగాయన్నమాట. అప్పుడు ర్యాంపు మొదట్లో దిబ్బలాంటి ఎత్తు కట్టించాలి. వాన ముంచుకొచ్చిన రోజు బిగించుకోవడానికి ఇనుప పలకలు దూర్చే గాడులు పెట్టించుకోవడం కూడా మంచిదే. మరక అంచుకు కిందనే ఉండి, మీ పైపు అడుగు కన్నా పైన ఉంటే ఎదురు నీళ్ల కథ. మరక రెండింటికీ కిందే ఉంటే తప్పు మీ కాలువల్లోనే ఉంది. ఇది అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో పోయే కష్టం.

ఎదురు నీళ్లకు చాలాచోట్ల ఫ్లాప్ వాల్వ్ పెడతారు. నీళ్లు బయటికి వెళ్లేటప్పుడు తెరుచుకుని, బయటి నుంచి వస్తే మూసుకునే రేకు తలుపు అది. పెట్టిన తర్వాత దాన్ని ఎవరూ చూడరు. చిన్న ప్లాస్టిక్ సీసా ఇరుక్కుంటే చాలు, ఆ తలుపు వేలెడు సందుతో తెరిచే ఉండిపోతుంది. కీలు తుప్పు పట్టినా అంతే. వానాకాలంలో వారానికోసారి దాన్ని పొడవాటి కర్రతో పైకెత్తి వదిలి చూడాలి. తనంతట తాను చప్పుడుతో పడాలి. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఆ తలుపు మూసుకున్నంతసేపు మీ ఆవరణలో పడే నీళ్లకు కూడా దారి ఉండదు. అక్కడే మోటారుకు నిజమైన పని ఉంది. దాని పైపును ఆవరణ కాలువలోకి కాకుండా, రోడ్డు వరద మట్టం కన్నా ఎత్తు నుంచి విడిగా బయటికి పంపేలా పెట్టాలి.

ఇక పూడిక. దీని గురించి కాస్త లెక్క చెబుతాను, సంఘం సమావేశంలో మీకు పనికొస్తుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. గంటలో 60 మిల్లీమీటర్ల వాన మన ఊళ్లో అరుదైనది కాదు. అంత పడితే ఎకరంలో 2,42,000 లీటర్లకు పైగా పడినట్లు. అంతా కాంక్రీటు, టైల్సే కాబట్టి పదో వంతు ఇంకిందనుకున్నా సెకనుకు 60 లీటర్లు బయటికి వెళ్లాలి. 300 మిల్లీమీటర్ల వ్యాసమున్న పైపు, 200 మీటర్లకు మీటరు వాటంతో వేసినది, శుభ్రంగా ఉంటే సెకనుకు 68 లీటర్ల దాకా మోస్తుంది. అంటే సరిపోతుంది. అదే పైపులో మూడో వంతు ఎత్తున పూడిక పేరుకుంటే మోసే శక్తి మూడో వంతు కాదు, దాదాపు 40 శాతం తగ్గుతుంది. దారి ఇరుకైంది కాబట్టి కొంత, మిగిలిన నీళ్లకు ఒరిపిడి పెరిగింది కాబట్టి ఇంకొంత. అప్పుడు వెళ్లేవి 41 లీటర్లే. సెకనుకు 19 లీటర్లు లోపలే ఉండిపోతాయి. పది నిమిషాల్లో అది పదకొండు వేల లీటర్లు దాటుతుంది, ఒక పెద్ద ట్యాంకరు నీళ్లన్నమాట. మీ ఆవరణలో అన్నింటికన్నా పల్లం సెల్లారే కనుక అవి అక్కడికే చేరతాయి.

2020 అక్టోబరు 13న కురిసినలాంటి వానకు ఈ లెక్కలు నిలవవు. ఆ ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా పడింది. అలాంటి రోజున ఏ అపార్ట్‌మెంటు కాలువా చాలదు. కానీ నేను చూసిన సెల్లార్ మునకల్లో ఎక్కువ భాగం అటువంటి మహా వానకు జరిగినవి కావు. జూన్‌లోనో జూలైలోనో ముప్పై, నలభై నిమిషాలు గట్టిగా కురిసి వెలిసిన మామూలు వానకు జరిగినవే.

పూడిక ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయినట్లే. మట్టి, ఆకులు అందరికీ తెలిసినవి. కానుగ, వేప, రావి మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తాయి. ఎండాకాలం చివర తురాయి పూలు, ఎండు కాయలు రాలతాయి. ఎండిన ఆకు కాలువ జాలీ (నీళ్లు దిగే సందుల మూత) మీద పడి ఉన్నప్పుడు ఏమీ కాదు. మొదటి వానకు తడిసి, ఒకదానికొకటి అతుక్కుని, విస్తరిలా జాలీని కప్పేస్తుంది. లోపల కాలువ అద్దంలా ఉన్నా నీళ్లు దిగవు. అందుకే కాలువ తీయించడం ఒక పని, జాలీలు ఊడ్పించడం వేరొక పని. రెండోది వానాకాలంలో రోజూ పొద్దున్నే జరగాలి, ఊడ్చే మనిషికి అది విడిగా చెప్పాలి. ఊడ్చిన చెత్తను జాలీ సందుల్లోంచి కిందికి తోసేయడం చాలాచోట్ల చూశాను. చెత్త కనిపించకూడదన్నది వాళ్లకు అప్పగించిన పని కాబట్టి అలా చేస్తారు. ఎత్తి సంచిలో వేయాలని మీరు ఎదురుగా నిలబడి రెండు రోజులు చూపించండి.

అన్నింటికన్నా చెడ్డది మాత్రం ఆకూ మట్టీ కాదు, ఫ్లాట్లలో జరిగే పనుల తాలూకు సిమెంటు నీళ్లు. ఎవరో కొత్తగా కొన్న ఫ్లాటులో టైల్స్ వేయిస్తారు, మార్బుల్ పాలిష్ పట్టిస్తారు, గోడలకు లప్పం పెట్టిస్తారు. సాయంత్రం తట్టలు, తాపీలు, బకెట్లు కడిగి ఆ నీళ్లను దగ్గర్లో ఉన్న చాంబర్‌లో పోస్తారు. మట్టి పూడికను పారతో తీయవచ్చు, ఇది గడ్డకట్టి పైపులో భాగమైపోతుంది. ఒక చోట అరవై మీటర్ల లైనులో రెండు చాంబర్ల మధ్య పైపు సగానికి పైగా రాయిలా గట్టిపడింది. జెట్టింగ్ యంత్రం (గట్టి ఒత్తిడితో నీళ్లు చిమ్మి పైపును కడిగేది) కూడా దాన్ని కదిలించలేకపోయింది. టైల్స్ పగలగొట్టి పైపు మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చు అందరి మీదా పడింది. కాబట్టి ఎవరికైనా లోపలి పనులకు అనుమతి ఇచ్చేటప్పుడే కడగడానికి ఒక చోటు చూపించండి. పాత డ్రమ్ములో కడిగి, తేరనిచ్చి, అడుగున పేరుకున్నది గట్టిపడ్డాక శిథిలాలతో పాటు పంపించాలి. డిపాజిట్ తీసుకోండి. పని ముగిశాక ఆ బ్లాకు చాంబర్ మూత తీసి చూసిన తర్వాతే తిరిగి ఇవ్వండి.

తనిఖీ ఎలా చేయాలో ఇప్పుడు చెబుతాను. ముందు ప్రతి చాంబర్‌కూ ఒక అంకె ఇచ్చి, పక్క గోడ మీద పెయింటుతో రాయించండి. చివరిది ఒకటో నంబరు, అక్కడి నుంచి పైకి లెక్క. మూతను ఎప్పుడూ ఇద్దరు కలిసి కొక్కాలతో లేపాలి. వేళ్లు కింద పెట్టకూడదు. మూతల కింద పాములు, తేళ్లు ఉంటాయి. మూత తీసి ఉన్నంతసేపు ఒక మనిషి అక్కడి నుంచి కదలకూడదు, పిల్లలు ఆడుకునే ఆవరణ అది. లోపల అంగుళాల గుర్తులు పెట్టిన ఇనుప ఊచను దించి పూడిక మందం కొలవండి. చాంబర్ అడుగు పైపు కన్నా లోతుగా కడతారు, మట్టి పేరుకోవడానికే ఆ గుంట. అందులో పూడిక ఉంటే కంగారు పడనక్కర్లేదు. అది పైపు అడుగును తాకుతోందంటే తీయించే సమయం వచ్చినట్లు. పైపు ఎత్తులో నాలుగో వంతుకు చేరిందంటే ఇప్పటికే ఆలస్యమైనట్లు.

తర్వాత ఒక చాంబర్‌లోకి అద్దంతో వెలుతురు పంపి, పక్క చాంబర్‌లోంచి చూడండి. గుండ్రంగా వెలుగు కనిపిస్తే లైను బాగుంది. సగం చందమామలా కనిపిస్తే పూడిక ఉంది. ఏమీ కనిపించకపోతే పైపు కుంగి ఉండవచ్చు, వేరు దూరి ఉండవచ్చు. వాన వెలిసి మూడు రోజులైనా పైపులో నీళ్లు నిలిచి ఉంటే అక్కడ వాటం పోయిందని అర్థం. కాలువ మీద పరిచిన టైల్స్ ఒకచోట కుంగితే కింద పైపు అతుకు ఊడి మట్టి జారిపోతున్నదని అనుమానించండి. పందికొక్కు బొరియలు కనిపించినా అదే అనుమానం.

వాసనను తేలిగ్గా తీసుకోవద్దు. వాన కాలువలో మురుగు వాసన రాకూడదు. వస్తే ఎక్కడో ఒక బాత్రూం పైపు దీనిలో కలిపారు. నీలిమందు కలిపిన బకెట్ నీళ్లను అనుమానం ఉన్న ఫ్లాటులో పోయించి, వాన కాలువ చాంబర్, మురుగు చాంబర్ రెండింటి దగ్గరా మనుషులను పెట్టి ఎక్కడ తేలుతుందో చూడండి. ఎండాకాలంలో ఒక పూటలో తేలిపోతుంది. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంటుంది. మిద్దె మీది వాన పైపును మురుగు లైనులో కలిపేస్తారు. అలాంటి చోట గట్టి వానకు కింది అంతస్తు బాత్రూముల్లోంచి మురుగు పైకి తన్నుకొస్తుంది. అది బయటి లైను తప్పని జలమండలికి (నగర నీటి సరఫరా, మురుగు సంస్థకు) ఫిర్యాదులు చేస్తూ ఉంటారు గానీ తప్పు లోపలే ఉంటుంది.

ఎన్నాళ్లకోసారి అంటారా? మన దగ్గర నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారంలో వస్తాయి. నేను మార్చి నెలాఖరున, ఆకు రాలడం ముగిశాక, మొత్తం లైను కొలతలతో తనిఖీ చేయిస్తాను. ఏప్రిల్‌లో మరమ్మతులు, పూడికతీత. మే చివరి వారంలో ఇంకోసారి తేలికపాటి తనిఖీ, ఎందుకంటే మే నెల గాలిదుమ్ములు, అకాల వానలు మళ్లీ కొంత నింపుతాయి. చాలామంది మే చివరలో మాత్రమే తీయిస్తారు. అప్పుడు పైపు పగుళ్లు బయటపడితే బాగుచేయించడానికి రోజులు ఉండవు, పనివాళ్లూ దొరకరు.

అన్నింటికన్నా విలువైన తనిఖీ మొదటి గట్టి వానలో చేసేది. గొడుగు వేసుకుని ఆవరణంతా తిరగండి. ఎండ రోజున ఎంత చూసినా నీళ్ల నడక కనిపించదు. ఏ జాలీ నీళ్లను మింగుతోంది, ఏ జాలీ పక్క నుంచి నీళ్లు దాటిపోతున్నాయి, ర్యాంపు వైపు ఏ మూల నుంచి నీటి పాయ వస్తోంది, ఇవన్నీ పావుగంటలో తెలుస్తాయి. ఫోన్‌తో వీడియో తీసుకోండి. ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం ఆగండి. ఆ తర్వాత ప్రతి భారీ వాన మర్నాడూ జాలీలు, చివరి చాంబర్, ఫ్లాప్ వాల్వ్ చూడాలి. ఈ కొలతలన్నీ తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాయండి. రెండేళ్లలో ఏ చాంబర్ ఎంత వేగంగా నిండుతుందో మీకే తెలిసిపోతుంది. నాలుగో నంబరు రెండు నెలలకే నిండుతుంటే దాన్ని రెండు నెలలకోసారి చూడాలి, తొమ్మిదో నంబరు ఏడాదైనా నిండకపోతే దాని మీద కూలి దండగ.

పూడిక తీయించే విషయంలో రెండు మాటలు గట్టిగా చెప్పాలి. మొదటిది, ఏ మనిషినీ మ్యాన్‌హోల్‌లోకి దించకండి. వాన కాలువే కదా, మురుగు కాదు కదా అని దించుతారు. ఆకులు, మురుగు కలిసి కుళ్లిన మూసిన చాంబర్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైనప్పుడు ముక్కుకు ఆ వాసన తెలిసే శక్తే పోతుంది. వాసన రావడం లేదు కాబట్టి ఫరవాలేదని దిగిన మనిషి అక్కడే కూలిపోతాడు, కాపాడబోయిన రెండోవాడూ కూలిపోతాడు. మురుగు లైన్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. చట్టం సంగతి అటుంచినా, రెండు వేల రూపాయల కూలికి ఒక ఇంటి దీపాన్ని పణంగా పెట్టే హక్కు మనకెవరికీ లేదు. పై నుంచి అందేంతవరకు పొడుగు పారలు, వెదురు బద్దలు. అంతకు మించితే జెట్టింగ్ యంత్రాన్ని పిలిపించండి.

రెండోది, తీసిన బురదను కాలువ గట్టున కుప్ప పోయనివ్వకండి. ఆరాక ఎత్తుకుపోతామంటారు, ఈలోగా వాన వస్తే తీసినదంతా తిరిగి కాలువలోకే. అదే రోజు బండిలో ఎత్తాలి, లేదంటే కాలువకు దూరంగా పట్టా మీద ఆరబోయాలి. డబ్బు కూడా రోజు కూలి లెక్కన కాకుండా కొలతల ప్రకారం ఇవ్వండి. తీయక ముందు, తీసిన తర్వాత అదే ఊచ చాంబర్‌లో నిలబెట్టి ఫోటో తీస్తే వాదనలు ఉండవు.

సెల్లార్ నీళ్లు చేరే గుంట, అంటే సంప్ విషయం ఎక్కువ చెప్పను. రెండు మోటార్లు ఉండాలి, వంతులవారీగా నడవాలి, నీటి మట్టాన్ని బట్టి మోటారును నడిపే ఫ్లోట్ స్విచ్‌లు నెలకోసారి నీళ్లు పోసి పరీక్షించాలి, జనరేటర్ మీద కూడా నడిచేలా ఉండాలి. స్విచ్ బోర్డు సెల్లార్‌లో ఉంటే ముందు దాన్ని పైకి మార్పించండి. నీళ్లు నిండిన సెల్లార్‌లోకి, పైన కరెంటు మెయిన్ ఆపకుండా, ఎవరినీ అడుగు పెట్టనివ్వద్దు. నీళ్లు తోడబోయి విద్యుదాఘాతంతో పోయినవాళ్లు ఈ నగరంలో ఉన్నారు. మామూలు రోజుల్లో సంప్‌లో నీళ్లు వారం మించి నిలవకుండా చూడండి, డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా ఎదగడానికి వారం, పది రోజులు చాలు. ఇంకుడు గుంతలకు మిద్దె నీళ్లే పంపండి. కార్లు కడిగే చోటి నీళ్లు, నూనె మరకలున్న సెల్లార్ నీళ్లు అందులోకి వెళ్తే మీ బోరునే పాడు చేసుకున్నట్లు. గుంతలో పై పొర ఇసుకను ఏటా జానెడు మందం తీసి కొత్తది పోయండి.

బయటి రోడ్డు కాలువ పూడి ఉంటే మీరు లోపల ఎంత చేసినా సగం పనే. వాన కాలువలు నగర పాలక సంస్థ చేతిలో, మురుగు లైన్లు జలమండలి చేతిలో ఉంటాయి. తప్పు కార్యాలయానికి వెళ్లి నెల పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఫిర్యాదు ఏప్రిల్‌లోనే ఇవ్వండి. ఒక్క అపార్ట్‌మెంటు పేరుతో కాకుండా వీధిలోని నాలుగైదు సంఘాలు కలిసి, పూడిక లోతు కొలతతో, ఫోటోలతో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. వాన రోజున నీళ్లు త్వరగా పోవాలని రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత మాత్రం తెరవకండి, తెరవనివ్వకండి. 2017 ఆగస్టు 29న ముంబైలో నీళ్లు నిండిన రోడ్డు మీద నడుస్తూ వైద్యుడు దీపక్ అమ్రాపుర్కర్ తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయారు. రెండు రోజుల తర్వాత దూరాన సముద్రం ఒడ్డున ఆయన దేహం దొరికింది. నీళ్ల కింద ఉన్న గుంత నడిచేవాళ్లకు కనిపించదు.

ఈ ఆదివారం మేస్త్రీని పిలిపించి, పైన చెప్పిన నాలుగు ఎత్తులూ కొలిపించండి. ఆ అంకెలు, చివరి చాంబర్ ఫోటో ఇక్కడ పెడితే మీకు ఫ్లాప్ వాల్వ్ అవసరమా, ర్యాంపు ఎత్తు పెంచితే సరిపోతుందా, పూడిక తీయిస్తే చాలా అన్నది చూసి చెబుతాను. మోటారు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.